ఊదుగొట్టం బండి

"ఇంజిను ఆపావంటే ఊరుకోను మావా," అన్నాను. మా ఆయన మంగరాజు చెయ్యి తాళంచెవి దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది. గుడివాడ ఇవతల రైలు గేటు సరిగ్గా మా మొహం మీదే పడింది, ఇంకో నాలుగు బారలు ముందుంటే దాటేసేవాళ్ళం. గేటు తిప్పేవాడు "గూడ్సమ్మా, గూడ్సు" అని నవ్వాడు. గూడ్సు అయితే నవ్వెందుకో. ఈ దారిలో నన్ను చూసి నవ్వని మగాడు లేడు కాబట్టి వీణ్ణి ప్రత్యేకంగా తిట్టుకోవడం దేనికిలే అని ఊరుకున్నాను. మావ చేతి గడియారంలో తొమ్మిదిన్నర. బెజవాడ స్టేషన్లో హౌరా మెయిలుకి చేపల గంపలు పదకొండింటి దాకానే తీసుకుంటారు. ఇదివరకైతే ఆ మెయిలు గంటో రెండు గంటలో ఆలస్యం, మేమెంత ఆలస్యమైనా అది మాకన్నా ఆలస్యం, ఒకరికొకరం సరిపోయేవాళ్ళం. ఇప్పుడు ఎమర్జెన్సీ, రైళ్ళన్నీ బుద్ధిగా టైముకొచ్చేస్తున్నాయి. వెనక సీటు పీకేసిన చోట తొమ్మిది గంపల చేప ఉంది, బొచ్చె, శీలావతి, మధ్యమధ్య ఐసు, పైన ఊక, ఆ పైన తడి గోనె. ఐసు కరిగిన నీళ్ళు నా పాదాల కిందికి వస్తున్నాయి, ఆ చల్లదనం ఒంటికి హాయిగానే ఉంది గాని ప్రాణానికి లేదు.

ఇవాళ మూడో శుక్రవారం. ఇవాళ అందిందా సరే, లేకపోతే నోరు కుట్టుకుని కూర్చోవాలి. మా కొల్లేటి ఊళ్ళో ఒక కట్టుబాటు ఉంది, ఎప్పుడు పెట్టారో ఎవరికీ తెలీదు. ఏడాదికోసారి చావిడి దగ్గర వేలం పాట పెడతారు, పాట దక్కించుకున్న ఆసామికే ఊరంతా చేప వెయ్యాలి, ఇంకొకరికి ఒక్క జెల్ల వేసినా వెలి, నిప్పూ నీళ్ళూ బంద్. పదకొండేళ్ళుగా ఆ పాట కాశీరావుగారిదే. ఆయనకి లారీ ఉంది, మాకు లేదు, అంతే, అందులో ఇంకే గొప్పా లేదు. తెల్లారుజామున పట్టిన చేపని రేవులో దింపించి, ఎండెక్కేదాకా పేపరు చదువుకుంటూ కూర్చుని, చేప కన్ను తెల్లబడ్డాక అప్పుడు తక్కెడ తీయిస్తాడు. "ఏంటమ్మా, సరుకు మెత్తబడిపోయిందే" అంటాడు. మెత్తబడిందా, మెత్తబెట్టావా? ఈ మాట పదకొండేళ్ళు నా నోట్లోనే నానింది. ఈ ఏడు పాటకి ముందు చావిడి మెట్లెక్కి పైకే అనేశాను. ఆడది చావిడెక్కిందని ముసలాళ్ళు నోళ్ళు నొక్కుకున్నారు. మా చేప మేమే తోలుకుంటాం, పొద్దున పట్టింది పొద్దున్నే మెయిలెక్కితే చాలు అన్నాను. పెద్దలు గుసగుసలాడుకున్నారు, నవ్వుకున్నారు, తీర్పు చెప్పారు. మూడు శుక్రవారాలు ఊరి చేప నువ్వు తోలు, మూడుసార్లూ మెయిలు అందితే పాట ఎత్తేస్తాం, ఎవరి చేప వాళ్ళిష్టం, ఒక్కసారి తప్పినా కాశీరావుగారికే పాట, పెద్దింట్లమ్మ, అంటే నేను, మళ్ళీ చావిడెక్కకూడదు. సరేనన్నాను. నా దగ్గర ఉన్నదల్లా గవర్నమెంటు ఆఫీసు వాళ్ళు పాతబడిందని అమ్మేసిన అంబాసిడర్ కారు. ఆరు గంపలు వేస్తే అది ఆయాసపడి చచ్చిపోతుందని ఆ తర్వాతే తెలిసింది.

ఊపిరి, అదే దాని జబ్బు అన్నాడు బడే మియా. బెజవాడ ఆటోనగర్లో రేకుల షెడ్డు ఆయనది, ఇంజినుకి చెవి ఆనించి వినే మనిషి. "అమ్మా, ఈ ఇంజినుకి దాని గాలి అది పీల్చుకోవడమే తెలుసు. ఎంత పీలిస్తే అంత పని. బరువేస్తే రొమ్ము చాలట్లా," అన్నాడు. అయితే నేనేం చెయ్యను సాయిబుగారూ, కొత్త కారు బుక్కు చేస్తే వచ్చేసరికి మనవలు పుడతారు, లారీ పర్మిట్టు కావాలంటే కాశీరావుగారికి బావమరిదిగా పుట్టాలి అన్నాను. ఆయన గడ్డం గోక్కున్నాడు. "ఇంట్లో పొయ్యి మండకపోతే ఏం చేస్తావు?" అన్నాడు. ఊదుగొట్టంతో ఊదుతానన్నాను. "దీనిక్కూడా అంతే. అది పీల్చుకునేదాకా చూడకుండా మనమే లోపలికి తోసెయ్యాలి. గాలెక్కువైతే పెట్రోలెక్కువ పోద్ది, రెండూ ఎక్కువైతే మంటెక్కువ. మిలట్రీ వర్క్‌షాపులో చూశా, సూపర్‌ఛార్జర్ అంటారు." అనడమేమిటి, నాలుగో రోజుకి బందరు రేవులో పాడుబడ్డ లాంచీ ఇంజిను మీంచి ఒక బ్లోయరు ఊడదీసి తెచ్చాడు. ఇనప పెట్టె, దాని కడుపులో జంట వేరుశనక్కాయల్లాంటి రోటర్లు, ఒకదాన్నొకటి తాకకుండా తిరుగుతూ గాలిని అటునుంచి ఇటు తోస్తాయి. తిప్పడానికి పిండిమర బెల్టు. దాని నెత్తిన కార్బొరేటరు, అది పట్టడానికి బానెట్టుకి కన్నం, వాన పడకుండా ఆ కన్నం మీద డాల్డా డబ్బా. అందుకే గుడివాడ బస్టాండులో కుర్రాళ్ళు మా కారుకి ఊదుగొట్టం బండి అని పేరు పెట్టారు. పెట్టుకోనీ. వాళ్ళ బళ్ళకి అసలు పేర్లే లేవు.

మొదటిసారి స్టార్టు చేసినప్పుడు ఆటోనగరంతా చూడ్డానికొచ్చింది, టీ కొట్టువాడు కూడా కెటిలుతో సహా వచ్చాడు. మావ తాళం తిప్పాడు. కార్బొరేటరు పెట్రోలు వెనక్కి కక్కింది, భగ్గుమంది, బడే మియా గడ్డం ఒక పక్క చుట్టుకుపోయింది. జనం నవ్వారు. నాకు ఏడుపొచ్చింది, కాని అక్కడ ఏడిస్తే కాశీరావు దాకా కబురెళ్ళిపోతుందని మింగేశాను. రెండు రోజులు ఆయన టైమింగు మార్చాడు, ప్లగ్గులు మార్చాడు, నా మొహం కేసి చూడ్డం మానేశాడు. మూడో రోజు మధ్యాహ్నం ఆయన నమాజుకి వెళ్ళినప్పుడు ఆయన భార్య కుల్సుం నేనూ ఆ బండి పక్కనే అన్నం తింటున్నాం. ఇంజిను అతుకుల మధ్య పెట్టే గాస్కెట్లు కత్తిరించేది కుల్సుమే, లోపల నొక్కుడు మరీ ఎక్కువై పిస్టన్లు పగలకుండా రెండు గాస్కెట్ల మధ్య రాగిరేకు పెట్టి చోటు పెంచిందీ ఆమే. ఊరికే కుదురులేక ఆమెని బ్లోయరు చక్రం చేత్తో తిప్పమని, కార్బొరేటరు తీసేసిన చోట అరచెయ్యి పెట్టాను. గాలి నా అరచేతికి తగిలింది. కిందికి పోవలసిన గాలి పైకొస్తోంది. "వదినా, ఇది ఇంజిన్లోకి ఊదట్లేదు, ఇంజిన్లోంచి పీకుతోంది," అన్నాను. బందరులో ఆ లాంచీ నడిపిన సరంగు దగ్గరికి మనిషిని పంపితే తెలిసిందేమంటే, ఆ లాంచీకి రెండు ఇంజిన్లట, లాంచీ ఒక పక్కకి ఈడ్చకుండా ఒకటి కుడికి తిరిగితే ఇంకోటి ఎడమకి తిరుగుతుందట, మాకొచ్చింది ఎడమది. కారుకి రెండు ఇంజిన్లుండవు కదా, రోడ్డు మెకానిక్కుకి ఆ సంగతి ఎలా తెలుస్తుంది. పెట్టెని బోర్లించి, చక్రం ఇటు పక్కకి మార్చి బిగించాడు, అంతే, బండి ఈల వేసింది. "నలభై ఏళ్ళ సర్వీసమ్మా నాది, నీ అరచెయ్యి పట్టేసింది," అని ఆటోనగరంతా ఆయనే తిరిగి చెప్పుకున్నాడు. తప్పు చేసి దాన్ని తనే చెప్పుకునే మగాణ్ణి నేను అప్పుడే మొదటిసారి చూశాను.

హారను. గేటు దగ్గర, మా వెనకనుంచి. తల తిప్పి చూడక్కర్లేదు, ఈ దారిలో కుక్కలకి కూడా తెలుసు, మూడు గొంతుల హారను, అది మోగితే సైకిళ్ళు కాలవలోకి దిగుతాయి. కాశీరావుగారి లారీ, పక్క ఊళ్ళ చేప వేసుకుని మెయిలుకే. వెనక ఆగాలి కదా, ఆగదు, ఎదుటివాళ్ళు రావలసిన కుడి పక్కకి వచ్చి మా ముందు చక్రానికి దాని ముందు చక్రం సమానంగా పెట్టి నిలబడింది. అవతల గేటు దగ్గర నాలుగు సైకిళ్ళూ ఒక గడ్డిబండీ తప్ప లేవు, దానికి అడ్డొచ్చేవాళ్ళెవరూ లేరు. దాని ఎత్తుగడ నాకు తెలుసు. పోయిన శుక్రవారం ఇదే గేటు, ఇలాగే పక్కన నిలబడి, గేటు లేవగానే మా ముందుకి దూరింది. గేటు దాటితే కాలవ గట్టు, ఒక్క బండికే దారి, ఎనిమిది మైళ్ళు పక్కకి తప్పుకునే చోటు లేదు. ఆ ఎనిమిది మైళ్ళూ మమ్మల్ని పెళ్ళి ఊరేగింపులా నడిపించాడు. నేను కిటికీలోంచి తల పెట్టి తిట్టని తిట్టు లేదు, దుమ్మంతా నా నోట్లోకే వచ్చింది. బుకింగు గుమాస్తా పుస్తకం మూస్తుండగా వెళ్ళి పడ్డాం, గంపలు ఎలాగో ఎక్కాయి. బండి తప్పేం లేదు, లారీ రెండో గేరుకి వచ్చేలోపు దాన్ని దాటేసే ఊపు దానికి ఉంది. కాలిదే తప్పు. ఆ హారను వినగానే మావ కాలు పెడలు మీంచి దానంతటదే లేచిపోయింది. పదకొండేళ్ళు ఆ లారీ తోలింది ఆయనే, ఆ హారను కొట్టిందీ ఆయనే, దానికి దారివ్వని బండిని ఆయన జన్మలో చూడలేదు. "ఏం చెయ్యనే, అలవాటు," అన్నాడు ఆ రాత్రి అన్నం దగ్గర. ఆ మాటకి నాకు కంచం విసిరెయ్యాలనిపించింది.

గూడ్సు వచ్చింది. వచ్చి, సగం దాటి, గేటు మధ్యలో ఆగింది. తొమ్మిదీ యాభై. నేను ఊపిరి బిగబట్టానని నాకే అప్పుడు తెలిసింది. మా అయ్య నన్ను కొల్లేటి నీళ్ళలోకి తోసి వల అడుగు కట్టమనేవాడు, ఏడేళ్ళ పిల్లని, పైకి తేలితే మళ్ళీ తోసేవాడు, ఇంకాసేపు ఇంకాసేపు అనేవాడు. నీళ్ళ కింద చెవుల్లో గుండె మోగేది, నాచు కాళ్ళకి చుట్టుకునేది. మగపిల్లాడు లేడు గదా అని నన్ను దింపాడు, తీరా నేను మగపిల్లలకన్నా ఎక్కువసేపు ఉంటే ఊళ్ళో చెప్పుకోవద్దన్నాడు, పెళ్ళి కాదని. మా అత్త వీరమ్మ నెత్తిన గంపతో గుడివాడ దాకా పరిగెత్తేది, నడక కాదు, పరుగు, మెడ నరాలు తాళ్ళలా లేచేవి, చేప నీళ్ళు వీపు మీద కారి ఎండిపోయేవి, ఆమె పోయినరోజు ఒళ్ళు కడిగినా ఆ వాసన వదల్లేదు. మా ఆడవాళ్ళం ఎప్పుడూ మా ఊపిరితోనే లాక్కొచ్చాం. ఎంత పీలిస్తే అంత పని. బయటినుంచి ఒక్కడు ఇంత గాలి ఊదాడా మాకు? ఊదకపోగా నొక్కారు. ఇవాళ తప్పిందంటే చావిడి దగ్గర ఆ ముసలాళ్ళు నవ్వే నవ్వు ఇప్పుడే వినబడుతోంది, రేపు తెల్లారి రేవులో పద్నాలుగిళ్ళ ఆడవాళ్ళు మళ్ళీ ఎండలో చేప ముందు కూర్చుంటారు, ఈసారి నా మొహం చూడరు. వద్దు. చూడకపోతే మానె, ఆ కూర్చోవడం మాత్రం వద్దు.

కాశీరావుగారు లారీ దిగి వచ్చాడు. ఇస్త్రీ పంచె నలగకుండా ఎత్తి పట్టుకుని, మా కారు కిటికీ మీద మోచెయ్యి పెట్టాడు, నా వైపు కాదు, మావ వైపు.

"ఏరా మంగరాజూ, డబ్బా బాగా పెట్టార్రా. అన్నం కూడా వండుద్దా?" అన్నాడు. మావ నవ్వాడు. నవ్వకూడదు, నవ్వాడు.

"నీ సీటు అట్టానే ఉందిరా. ఆ కొత్తోడికి గేర్లెయ్యడం చేతగావట్లా. సోమారం వచ్చెయ్. ఇయ్యాల కూసింత నెమ్మదిగా పోనీ, చాలు. గేటు పడింది, బండి వేడెక్కింది, నిన్నెవడేమంటాడు?"

"కాశీరావుగారూ, నేనిక్కడే ఉన్నానండీ," అన్నాను.

"ఉన్నావు కదమ్మా, ఊరంతా నువ్వేగా. ఆడకూతురివి, నీకెందుకమ్మా ఈ మోటార్ల గోల? ఆ ఊదుగొట్టం తీసుకెళ్ళి పొయ్యి దగ్గర పెట్టుకో."

"ఇన్నాళ్ళూ పొయ్యి దగ్గర పెడితే మీ అన్నం ఉడికిందండీ. ఇక్కడ పెడితే మాది ఉడుకుద్ది."

ఆయన పళ్ళు బిగించి నవ్వి, మావ భుజం మీద తట్టి వెళ్ళాడు, గొడ్డుని తట్టినట్టు. మావ స్టీరింగు మీద పెచ్చు లేచిన రంగుని గోటితో గీకుతున్నాడు. మంచివాడు. తాగడు, చెయ్యెత్తడు, నేను చావిడెక్కిన రోజు ఊళ్ళో తలెత్తుకోలేక రెండు రోజులు చెరువు గట్టున పడుకున్నాడు గాని నన్ను ఒక్క మాట అనలేదు. ఆ మంచితనమే ఇప్పుడు నాకు దడ. అందరికీ మంచివాడు, కాశీరావుకి కూడా. నాకు బండి తోలడం రాదు. నేర్చుకోవలసింది, ఈ బుద్ధి ముందే ఉంటే బాగుండేది, ఈ ఏడు నేర్చుకుంటాను, ఎవడు నవ్వినా సరే. కాని ఇవాళ మాత్రం ఊరంతా ఈయన కుడికాలి కింద ఉంది, ఆ కాలు నేను నొక్కలేను. బడే మియా ఇంజినుకి ఊపిరి తెచ్చిపెట్టాడు, ఈ మనిషికి ఎక్కణ్ణించి తేను? "సోమారం వెళ్తావా మావా?" అని అడుగుదామని నోటి దాకా వచ్చింది. అడిగితే ఏం చెబుతాడో అని భయమేసి అడగలేదు. నాకు భయమేసింది, నిజమే, దాచడం దేనికి.

ఇంతలో ఇంజినులో శబ్దం మారింది. టకటక, టకటక, రేకు డబ్బాలో గులకరాళ్ళు ఆడించినట్టు. వేడి ముల్లు ఎర్రగీత దగ్గరికెళ్ళింది. "ఆపేద్దామే, పేలిపోద్ది," అన్నాడు మావ. ఆపితే ఈ వేడికి పెట్రోలు గొట్టంలోనే ఆవిరైపోతుంది, మళ్ళీ అంటుకోదు, అది ఇద్దరికీ తెలుసు. ఆపకుండా ఇలాగే తొక్కితే పిస్టను పగులుతుంది, అదీ తెలుసు. బడే మియా ఒకసారి నా చేత సైకిలు పంపు కొట్టించి దాని అడుగు ముట్టుకోమన్నాడు, కాలింది. గాలిని నొక్కితే వేడెక్కుద్దమ్మా, వేడిగాలి లోపలికి పోతే ఇంజిను టకటకమంటది, దానికి మందులేదు అన్నాడు. మందులేకపోవడమేమిటి? చేప మెత్తబడకుండా మేమేం చేస్తాం? తలుపు తీసుకుని దిగాను. ఎర్రగుడ్డ కట్టింది మా ఇంటి గంప, మిగతావి ఊళ్ళోవాళ్ళవి, వాళ్ళ ఐసు ముట్టుకోను. మా గంప మీది గోనె లాగి, ఊక దులిపి, ఐసు ముక్కలన్నీ ఆ గోనెలో వేసి మూటకట్టాను. బానెట్టు ఎత్తి, బ్లోయరు నుంచి ఇంజిన్లోకి గాలిపోయే పెట్టె చుట్టూ ఆ మూట బిగించి కట్టాను, చేతులు కాలాయి, కాలితే కాలనీ. ఆవిరి పైకి లేచింది. లారీలోంచి కాశీరావు గట్టిగా అడిగాడు, "ఏమ్మా, బండికి జొరమొచ్చిందా?" "వచ్చిందండీ, తడిగుడ్డ వేస్తన్నా," అన్నాను. మావ తల బయటికి పెట్టి చూస్తున్నాడు, నా చేతుల్ని, నా గంపని, ఐసు లేక అప్పుడే ఎండ తగులుతున్న మా చేపని. ఆ చేప ఇక హౌరా వెళ్ళదు, బెజవాడలో ఏ కృష్ణలంక సందులోనో కూరకి పోతుంది. టకటక తగ్గింది. కాస్త తగ్గింది, ఇంకాస్త, ఆగిపోయింది. బ్లోయరు ఈల ఒక్కటే మిగిలింది, సన్నగా, శుభ్రంగా. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది గాని చీర నిండా గ్రీజు.

వచ్చి కూర్చునేసరికి గూడ్సు కదిలింది. బొగ్గు పెట్టెలు, ఖాళీ పెట్టెలు, మళ్ళీ బొగ్గు. పది గంటలైంది. బెజవాడ ఇరవై ఎనిమిది మైళ్ళు, ముందుంటే అందుతుంది, వెనక పడితే అందదు, ఇందులో దేవుడు చెయ్యగలిగిందేం లేదు. పక్కన లారీ ఇంజిను గర్జిస్తోంది, దాని పొగ మా మొహాల మీదికి వస్తోంది. మావ పొగలోకి చూస్తున్నాడు. చివరి పెట్టె, దాని వెనక గార్డు, ఆ గార్డు కూడా మా డబ్బాని చూసి నవ్వాడు. గేటు గొలుసు కిర్రుమంది. కొయ్య లేచింది, నడుమెత్తు, కారెత్తు, లారీకి ఇంకా చాలదు. హారను మోగింది. మూడు గొంతులూ ఒక్కసారి, మా చెవుల పక్కనే. నేను మావ కాలి కేసి చూశాను. దేవుడి పటం కేసి కూడా ఎప్పుడూ అలా చూడలేదు. చెప్పు విడిచేశాడు, ఎప్పుడు విడిచాడో, వట్టి పాదం, మడమ పగుళ్ళలో కొల్లేటి బురద. ఆ పాదం ఒణికింది. ఒణుకుతూనే కిందికి దిగింది, నేల ముట్టే దాకా దిగింది.

బ్లోయరు అరిచింది. నా వీపు సీటుకి కొట్టుకుంది, గంపలన్నీ ఒక్కసారి వెనక్కి జరిగాయి, పట్టాలు ధడధడమన్నాయి, గడ్డిబండి ఎద్దు బెదిరి పక్కకి జరిగింది, కాలవ గట్టు మా ముందుకొచ్చింది, ఎండలో ఖాళీగా, తెల్లగా, మా ముందు ఎవ్వరూ లేరు. హారను ఇప్పుడు వెనక. మోగుతోంది, ఆగకుండా మోగుతోంది, పదకొండేళ్ళూ అందరూ దారిచ్చిన హారను. మావ అద్దంలోకి చూశాడు. కిటికీలోంచి కుడిచెయ్యి చాచి, డ్రైవర్లు వెనకబండికి చూపిస్తారే, అరచెయ్యి వెనక్కి తిప్పి, అక్కడే ఉండు అని చూపించాడు. తొందరేం లేకుండా చూపించాడు. ఆ చెయ్యి అలాగే ఉంచాడు, హారను అలిసి ఆగిపోయేదాకా. నాకు ఏడుపు ఆగలేదు, ఆటోనగర్లో మింగిందీ చావిడిలో మింగిందీ అంతా వచ్చింది, కాలిన చేతుల్తో మొహం తుడుచుకుంటే మొహమంతా గ్రీజు అయింది. "ఏడుస్తావేంటే, అందుద్దిలే," అన్నాడు మావ, గొంతు ఆయనది కాదు, కొత్తగా ఉంది. "నేను ఏడిస్తే నీకెందుకు, నువ్వు తొక్కు," అన్నాను.